మరిదిగారి వేలు

ఫ్యాక్టరీలో ఆమెని వెనకాల అందరూ మూతివిరుపు మేడం అంటారు. ఆ సంగతి ఆమెకి తెలియదని వాళ్ళ నమ్మకం. ఆమెకి తెలుసు. ఆ పేరు పెట్టిందెవరో కూడా తెలుసు. అతని మీద ఒకసారి మూతి విరిచి ఊరుకుంది.

ఆ ఫ్యాక్టరీలో సబ్బులకీ షాంపూలకీ వేసే సువాసన ద్రవ్యాలు తయారవుతాయి. బయటి జనానికి గులాబీ వాసనగా అందేది లోపల టోలీన్ అనే ఘాటు సాల్వెంటు కంపులో పుడుతుంది. ఆ పుట్టుక సక్రమంగా జరుగుతోందో లేదో చూసే లాబ్‌కి ఆమె పెద్ద. ఎవరు ఏ కొత్త పద్ధతి పట్టుకొచ్చినా ముందు ఆమెకి చెప్పాలి. ఆమె చివరిదాకా వింటుంది. కుడివైపు పెదవి కొంచెం కదిలితే పద్ధతిలో లోపముందని అర్థం. రెండు పెదవులూ కలిసి పక్కకి జరిగితే లోపం తెచ్చినవాడి బుర్రలో ఉందని అర్థం. ముక్కు కూడా తోడైందంటే ఆ మనిషి మళ్ళీ ఆ గది మెట్లు ఎక్కనక్కర్లేదు. నోరు తెరిచి ఒక్క మాట అనదు. అంటే బాగుండునని చాలామంది అనుకునేవారు.

ఈ విద్య ఆమెకి తండ్రి దగ్గర అబ్బింది. ఆయనకి డ్రైక్లీనింగ్ షాపు ఉండేది. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక కర్టెన్. బట్టల మరకల్ని నీళ్ళతో కాకుండా సాల్వెంటుతో తీస్తారు కదా, ఆ సాల్వెంటు వాసన కర్టెన్‌ని లెక్కచెయ్యకుండా ఇల్లంతా తిరిగేది. దిండు గలీబుల్లో, పాఠం పుస్తకాల్లో, ఆడపిల్లలిద్దరి జడల్లో కాపురం పెట్టేది. ఆయన కోటు చేతిలోకి తీసుకుంటే చాలు, తొడుక్కున్నవాణ్ణి చదివేసేవాడు.

"ఈ పెద్దమనిషి మైకు పట్టుకుంటే నీతి తప్ప ఇంకోటి చెప్పడు. చంకలో చెమట మరక చూడు" అనేవాడు. "ఈయనగారి జేబులో మందు ఒలికింది. ఇంట్లో దగ్గు సిరప్ అని చెప్పుంటాడు."

పక్కన నిలబడి బట్టలకి నంబరు బిళ్ళలు కుట్టే పెద్దకూతురికి అలా పెద్దమనుషులందరూ మరకలుగానే పరిచయమయ్యారు. దారిలో ఎవరైనా ఆగి "బాగా చదువుతున్నావా అమ్మా" అని పలకరిస్తే ఆమె వాళ్ళ మొహం కాకుండా కాలర్ వంక చూసేది.

సాయంత్రం అయ్యేసరికి తండ్రి హుషారెక్కేవాడు. ఊరికే నవ్వేవాడు. పాట అందుకునేవాడు. గుమ్మం తగిలి తూలి, గుమ్మానికే క్షమాపణ చెప్పేవాడు. మా నాన్నంత సరదా మనిషి ఎవరింట్లోనూ లేడని అక్కచెల్లెళ్ళిద్దరూ మురిసిపోయేవారు. అది సరదా కాదనీ, పొద్దున్నుంచి పీల్చిన ఆవిరి తలకెక్కడమనీ ఆమెకి కాలేజీలో కెమిస్ట్రీ పుస్తకం చెప్పింది. ఆ పుస్తకం పట్టుకుని తిన్నగా షాపుకి వెళ్ళి తండ్రికి చదివి వినిపించింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "నాకున్న ఒక్క సుఖానికీ కారణం కనిపెట్టేశావా తల్లీ!" అన్నాడు.

కొన్నేళ్ళకి కాలేయం చెడి పోయాడు. తాగుడు అలవాటు ఉందా అని అడిగాడు డాక్టరు. ఆమె ఆయన వంక చూసి మూతి విరిచింది. చూసినవాళ్ళు మరిచిపోలేని మొదటి విరుపు అదే.

చెల్లెలు దీనికంతటికీ ఎదురు తిరిగిన మనిషి. ఆ వాసన వదిలించుకోవడానికి బడికి కూడా సెంటు పూసుకుని వెళ్ళేది. పెళ్ళి కూడా శుభ్రమైన మనిషినే చూసి చేసుకుంది. మరిదిగారు ఎంత శుభ్రమైన మనిషంటే, కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెప్పే ఉద్యోగంలో ఉండి కూడా ఆయన చొక్కా మీద ఏనాడూ ఒక్క చుక్క పడలేదు. అక్కకి అనుమానం మొదలైంది అక్కడే.

"కెమిస్టు చొక్కాకి ఒక్క చిల్లు లేదంటే ఏమిటర్థం?" అని భర్తని అడిగింది.

"జాగ్రత్త గల మనిషని" అన్నాడు భర్త. ఆయన డ్రాయింగు మాష్టారు, ఎవర్నీ ఏమీ అనడు.

"పని చెయ్యడని."

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. మరిదిగారి పేరుప్రతిష్ఠలన్నీ ఒకే ఒక్క సరుకు మీద నిలబడ్డాయి. దాన్ని అయానిక్ లిక్విడ్ అంటారు. నిజానికి అది ఉప్పే. వంటింట్లో ఉప్పుని కరిగించి ద్రవం చెయ్యాలంటే కొలిమి కావాలి. ఈ జాతి ఉప్పు మాత్రం బల్ల మీద సీసాలో, మామూలు గది వేడికే నూనెలా కదులుతూ ఉంటుంది. సాల్వెంటుకి బదులు దాన్ని పోసి రసాయన చర్యలు జరిపించొచ్చు. టోలీన్‌లా ఆవిరై గాల్లో కలవదు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమనదు, ముక్కు పగలగొట్టదు. ఇంతవరకూ నిజం. ఆ నిజాన్ని మరిదిగారు పాడిగేదెని పితికినట్టు పితికాడు. పాత పుస్తకాల్లో ఎప్పుడో స్థిరపడిపోయిన చర్య ఒకటి తీసుకోవడం, సాల్వెంటు స్థానంలో ఈ ద్రవం పొయ్యడం, 'హరిత మార్గం' అని పేరు పెట్టి పత్రికకి పంపడం. అది అచ్చయ్యేలోపు ఇంకో పాత చర్య. విద్యార్థులు వండేవారు, ఆయన వడ్డించేవాడు. ఫొటోలో కూడా ఆయనే మధ్యన నిలబడేవాడు.

రెండు కుటుంబాలూ కలిసి భోజనానికి కూర్చుంటే ఆయన ఉపన్యాసం తప్పదు. చివర్లో ఒక ప్రదర్శన ఉండేది. జేబులోంచి చిన్న సీసా తీసి, మూత విప్పి, చూపుడువేలు నిండా ముంచి పైకెత్తేవాడు. వేలు గాజుపూత పూసినట్టు మెరిసేది.

"చూశారా వదినగారూ? మీ టోలీన్‌లో ఇలా ముంచగలరా?"

"రోజూ ముంచుతూనే ఉన్నాను" అని ఆమె పగుళ్ళు బారిన తన వేళ్ళు చూపించేది.

"అదే కదా నేను మొత్తుకునేది! మారండి!"

"ముందు మీరు చెయ్యి కడుక్కుని రండి. అన్నం తినే బల్ల ఇది."

చెల్లెలు ముసిముసిగా నవ్వేది. ఆయనకి కోపం వచ్చేది కాదు. తన గొప్పతనం ఎదుటివాళ్ళకి అర్థం కాకపోవడం కూడా గొప్పతనంలో భాగమేనని ఆయన లెక్క.

అలాంటి మనిషి ఒక పొద్దున ఆకుపచ్చ టై కట్టుకుని ఫ్యాక్టరీ మీటింగు గదిలో యజమాని పక్కన కూర్చుని కనబడ్డాడు. సబ్బుల కంపెనీలవాళ్ళు, తమకి అమ్మే సరుకు గాలీ నీరూ పాడుచెయ్యకుండా తయారవుతోందా అని అడగడం మొదలుపెట్టారు. యజమానికి వెంటనే పచ్చదనం కావలసి వచ్చింది. ఎక్కడో ఒక సభలో మరిదిగారి వేలు మెరుపు చూసి, అక్కడికక్కడే సలహాదారుగా కుదుర్చుకున్నాడు.

"మీ బంధువేనటగా మేడం! ఇంట్లో ఇంత నిధి పెట్టుకుని ఒక్కమాట చెప్పలేదేం?" అన్నాడు యజమాని.

తెర మీద ఆకు బొమ్మ వెలిగింది. ఆకు మీద నీటిబొట్టు. మరిదిగారు మాట్లాడాడు. ఆమె అంతా విని, ఒకటే అడిగింది.

"చర్య అయిపోయాక సరుకు ఆ ద్రవంలోనే కలిసి ఉంటుంది. బయటికి ఎలా తీస్తారు సర్?"

"కొద్దిగా ఇథైల్ ఎసిటేట్‌తో కడుగుతాం మేడం."

"అది సాల్వెంటే కదా?"

"కొద్దిగానే."

"కొద్దిగా అంటే? ద్రవమంతా? రెట్టింపా?"

"అవన్నీ పని మొదలెట్టాక కుదుర్చుకునే విషయాలు."

"అంటే ఒక సాల్వెంటు మానడానికి రెండు వాడతామన్నమాట."

ఆమె మూతి ముక్కుతో సహా కదిలింది. కానీ ఆ రోజు యజమాని ఆమె మొహం చూడలేదు, ఆకుని చూస్తున్నాడు.

ఆ ఫ్యాక్టరీకి నిజంగానే ఒక మొండిరోగం ఉంది. గులాబీ వాసన సరుకు తయారయ్యేటప్పుడు ఆమ్లం కూడా పుడుతుంది. దాన్ని పట్టుకోవడానికి అమైన్ అనే క్షారం పోస్తారు. రెండూ కలిసి తెల్లటి ఉప్పవుతాయి. ఆ ఉప్పు కరిగి చావదు. చర్య జరిగే పెద్ద రియాక్టర్ పాత్ర నిండా తడిసిన సున్నంలా పేరుకుంటుంది. దాంట్లో కలియబెట్టే స్టిర్రర్ తిరగాలంటే ఇంకా టోలీన్, ఇంకా టోలీన్ పొయ్యాలి. ఆ ముద్దంతా ఫిల్టర్ షెడ్డుకి వెళ్తే, అక్కడ మనుషులు మూతలు తెరిచి పారలతో ఉప్పు గీకుతారు. గీకినంతసేపూ ఆవిరి మొహాన కొడుతుంది. ముసుగులు ఇచ్చారు గానీ ఉక్కపోతకి తాళలేక మెడలో వేలాడేసుకుంటారు. ఫిల్టర్ మేస్త్రి షిఫ్టు చివరికి మహా సరదాగా ఉంటాడు. జోకు చెప్పకముందే నవ్వుతాడు. ఆ నవ్వు వినబడగానే ఆమె లాబ్ కిటికీ మూసేసేది. ఫ్యాన్లు పెట్టించింది, గొట్టాలు మార్పించింది, యజమానితో పోట్లాడింది. రోగం అలాగే ఉంది. అంత పెద్ద విరుపు గల మనిషికి ఇది లోపల ముల్లు.

మరిదిగారి ద్రవం డ్రమ్ములో వచ్చింది. డ్రమ్ము మీద కూడా ఆకు బొమ్మ. ఆ ద్రవంలో ఫ్లోరిన్ ఉందని చూడగానే ఆమె పర్చేజ్ వాళ్ళకి చెప్పి ఒక మందు ట్యూబు తెప్పించి తన సొరుగులో పెట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చిన్న ఫ్లాస్కులో చర్య చక్కగా జరిగింది. మరిదిగారు ఫొటోలు తీయించుకున్నాడు. పెద్ద పాత్రలోకి మార్చాక అసలు రంగు బయటపడింది. ఆ ద్రవం ముందే తేనెలా చిక్కన, దాంట్లో మళ్ళీ ఉప్పు పేరుకునేసరికి స్టిర్రర్ మోటారు మూలిగి మూలిగి ఆగిపోయింది.

"వేడి పెంచండి" అన్నాడు మరిదిగారు.

పెంచారు. సరుకు బయటికి తియ్యడానికి ఇథైల్ ఎసిటేట్ పోశారు. చాల్లేదు, ఇంకా పోశారు. మానేసిన టోలీన్ కంటే పోసిన ఎసిటేట్ ఎక్కువైంది. ఉప్పు వదిలించడానికి ద్రవాన్ని నీళ్ళతో కడిగి, మళ్ళీ వేడిచేసి ఆరబెట్టి, మళ్ళీ వాడారు. నీళ్ళ రంగులో వచ్చిన ద్రవం టీ రంగుకి దిగింది.

"రంగు మారితే ఏం, గుణం మారదు" అన్నాడు ఆయన. ఆమె మూతి ఆ రోజుల్లో తన స్థానంలో ఉన్నదే తక్కువ.

సబ్బుల కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తున్న రోజు పొద్దున్నే జూనియర్ కెమిస్టు ఆ ద్రవం వేడిచేసిన ఫ్లాస్కు ఒకటి పట్టుకొచ్చింది.

"ఎంత తోమినా మసక పోవట్లేదు మేడం."

ఆమె చేతికి గ్లవుజు వేసుకుని ఫ్లాస్కుని వెలుగుకి ఎత్తి చూసింది. గాజు లోపలివైపు పొగమంచు పట్టినట్టుంది. అది మురికి కాదు. గాజే తినేసి ఉంది. అంత పని చేసేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ద్రవంలో ఉన్న ఫ్లోరిన్ నీళ్ళతో, వేడితో కలిసి మెల్లగా విరిగి ఆమ్లమవుతోంది. గాజుని తినేది వేలిని వదలదు. తగలగానే మంట కూడా తెలియదు, చల్లగా లోపలికి దిగి ఎముక దాకా పోతుంది.

"ఇది పక్కన పెట్టు. ఆ వాడిన ద్రవం ఎవరూ ముట్టుకోవద్దు" అని జూనియర్‌తో చెప్పి, మరిదిగారికి చెప్పడానికే బయల్దేరింది. అది నిజం. వరండాలో ఆయనే ఎదురయ్యాడు. వెనక యజమాని, సబ్బులవాళ్ళు.

"ఈవిడే మా లాబ్ మేడం" అన్నాడు యజమాని.

"మా వదినగారే లెండి" అని మరిదిగారు అందుకున్నాడు. "కొత్తదంటే ఆవిడకి కొంచెం అలర్జీ. డ్రైక్లీనింగ్ ఇంట్లో పెరిగారు. సాల్వెంటు వాసన లేకపోతే నిద్రపట్టదు!"

అందరూ నవ్వారు. ఆమె నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. పెదవి కూడా కదల్లేదు. వాళ్ళ వెనకాల లాబ్‌లోకి నడిచింది. కానియ్, ఈ మసిబారిన ద్రవం చూసి వాళ్ళే అడుగుతారు, అందరి ముందూ నీళ్ళు నములుతాడు, చూద్దాం అనుకుంది.

ఆయన మసిబారిన ద్రవాన్ని దాచలేదు. గొప్పగా చూపించాడు. ప్లాస్టిక్ క్యానులోంచి బీకరులోకి వంచుతూ, "మళ్ళీ మళ్ళీ వాడినదండీ ఇది. పారబొయ్యక్కర్లేదు. గాల్లోకి పోదు, మనిషికి హాని చెయ్యదు" అన్నాడు. జూనియర్ కెమిస్టు మేడం వంక చూసింది. మేడం కిటికీ వంక చూసింది. ఆయన చొక్కా కఫు మడిచాడు. ఆ మడతకి పట్టినంత సమయం ఉంది. ఒక్క మాట చాలు.

వేలు మునిగింది, పైకి లేచింది, మెరిసింది. సబ్బులవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"చెయ్యి కడుక్కోండి" అంది ఆమె.

"విన్నారా? ఇంట్లో కూడా ఇదే పాట!" అని నవ్వి, మరిదిగారు జేబురుమాలుతో వేలు తుడుచుకున్నాడు. అందరూ భోజనాలకి వెళ్ళిపోయారు.

టీ వేళకి ఆయన ఒక్కడే లాబ్‌కి వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"వదినగారూ, వేలు లోపల్నుంచి కాలుతోంది. పైకి చూస్తే ఏమీ లేదు. ఏమిటిది?"

ఆమె ఆయన మణికట్టు పట్టుకుని కుళాయి కిందకి లాగింది. నీళ్ళు ధారగా వదిలి, సొరుగులోంచి ట్యూబు తీసి, ఆ కాల్షియం జెల్‌ని వేలికి రుద్దడం మొదలుపెట్టింది. రబ్బరు గ్లవుజులో జెల్ నింపి ఆయన చేతికి తొడిగింది. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కారులో కూడా ఆమె ఆ చెయ్యి వదల్లేదు, రుద్దుతూనే ఉంది. ఆస్పత్రిలో డాక్టరుకి ఏం జరిగిందో, ఏ మందు ఎక్కించాలో ఆమే చెప్పింది. వేలు దక్కింది. గోరు ఊడింది, కొస మొద్దుబారింది.

చెల్లెలు లోపల ఆయన్నీ డాక్టరునీ చూసి వచ్చేసరికి వరండా బెంచీ మీద ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో నొక్కి నొక్కి చదునైన ట్యూబు.

"డాక్టరుగారు నిన్ను మెచ్చుకుంటున్నారక్కా. ఈ మందు సమయానికి దొరకబట్టి వేలు మిగిలిందట. ఎక్కడిది?"

"నా సొరుగులోది."

"దేనికి తెప్పించావు?"

ఆమె ట్యూబు మూత బిగించింది. "దీనికే" అంది.

చెల్లెలు బెంచీ మీద కూర్చుంది. "జూనియర్ అమ్మాయి ఫోన్లో ఏడ్చింది. పొద్దున ఏదో ఫ్లాస్కు చూపించానంది. ముట్టుకోవద్దని తనకి చెప్పావట. ఈయనకి చెప్పలేదా?"

"చెయ్యి కడుక్కోమన్నాను."

"ఎప్పుడు అనలేదు నువ్వామాట? పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటున్నావు. ఇవాళ దానికి అర్థం వేరని ఆయనకెలా తెలుస్తుంది?"

"నాన్న గురించి వాళ్ళందరి ముందూ..."

"తెలుసు. ఆయనే చెప్పారు. తప్పే. దానికి ఇంటికొచ్చి నాలుగు తిట్టాల్సింది. నేనూ తిట్టేదాన్ని." చెల్లెలు ఆ ట్యూబుని తన చేతిలోకి తీసుకుంది. "నాన్న ప్రతివాడి మరకా చూసి నవ్వేవాడక్కా. కానీ మరక తీసి ఇచ్చేవాడు. నువ్వు చూసి ఊరుకుంటావు."

చెల్లెలు లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎంత కళ్ళు పొడుచుకు చూసినా ఆ మాటలో ఆమెకి విరవడానికి సందు దొరకలేదు.

యజమాని ఆకు బొమ్మ డ్రమ్ముని వ్యర్థాలు తగలబెట్టే కంపెనీకి పంపేశాడు. పచ్చదనం చిమ్నీలోంచి ఏ రంగులో పోయిందో ఎవరూ చూడలేదు. ఆమె సెలవు పెట్టి చెల్లెలి ఇంటికి వెళ్ళింది. చెల్లెలు తలుపు తీసి పక్కకి జరిగింది. లోపల మరిదిగారు కట్టు కట్టిన చేతిని దిండు మీద రాజదండంలా నిలబెట్టుకుని కూర్చున్నాడు.

"నాకు ముందే తెలుసు మరిదిగారూ. చెప్పకుండా ఊరుకున్నాను. తప్పు నాది" అంది ఆమె, నిలబడే.

క్షమిస్తాడనో, తిడతాడనో అనుకుంది. ఆయన రెండూ చెయ్యలేదు.

"అది పోనివ్వండి వదినగారూ. ఆ ఒక్క ద్రవంతో మొత్తం జాతినంతా అంచనా వెయ్యకూడదు. కూర్చోండి, మీరెప్పుడూ నా ఉపన్యాసం పూర్తిగా విననేలేదు!" అని ఎడంచేత్తో లాప్‌టాప్ తెరిచాడు.

వేలు పోయినంత పనైనా మనిషికి బుద్ధి రాలేదు. ఆమె కూర్చుంది. పూర్తిగా వినడమే ఇవాళ తనకి శిక్ష అని తీర్మానించుకుని, పెదవులకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆకులు వచ్చాయి, నీటిబొట్లు వచ్చాయి, ఆయన ఫొటోలు వచ్చాయి. ఆయన గబగబా తిప్పేస్తున్న చివరి బొమ్మల్లో ఒకటి ఆమె కంటికి తగిలింది.

"అది... వెనక్కి తిప్పండి."

"ఏది? ఇదా? ఇది పెద్ద విశేషం కాదు వదినగారూ. సాల్వెంటుగా వాడటం కాదిది. ఆమ్లాన్ని పట్టడానికి మామూలు అమైన్‌కి బదులు ఇమిడజోల్ జాతి క్షారం పోస్తే, పుట్టిన ఉప్పు గడ్డకట్టదు. వేడి మీద ద్రవంగానే ఉండి అడుక్కి దిగిపోతుంది. అదీ అయానిక్ లిక్విడే. కానీ చూపించడానికి అందం ఉండదు. సభల్లో నేనిది వదిలేస్తాను."

ఆమె నోటి మీది చెయ్యి తీసింది. "గడ్డకట్టదా?"

"కట్టదు. ద్రవం మీద ద్రవం."

"గీకక్కర్లేదు."

"గీకడమేమిటి?" అన్నాడు మరిదిగారు. ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీలో తిరిగినవాడు ఫిల్టర్ షెడ్డు వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అక్కడ చొక్కా పాడవుతుంది మరి.

రోగానికి మందు ఈయన సంచిలో అడుగున పడి ఉంది, ఈయనకి రోగం తెలియదు. రోగం తెలిసిన తను ఈయన సంచి వంక మూతి తిప్పుకుని కూర్చుంది. ఈ లెక్క ఎటు తిప్పినా ఆమెకి నచ్చలేదు.

లాబ్‌లో ఆ పద్ధతిని చిన్న పాత్రలో మొదలుపెట్టింది. చర్య అయ్యాక స్టిర్రర్ ఆపి చూస్తే, పైన నీళ్ళలాంటి పొర, కింద పసుపు పొర, మధ్యలో గీత గీసినట్టు హద్దు. ముద్ద లేదు కాబట్టి పల్చన చెయ్యడానికి టోలీన్ పోసే పనే లేదు. కిందికి దిగిన ఉప్పుకి క్షారం కలిపితే ఇమిడజోల్ తిరిగి చేతికొస్తుంది. ఆమె నమ్మలేక మళ్ళీ చేసింది. గాజు మసకబారిందేమోనని పాత్రని వెలుగుకి ఎత్తి చూసింది. తళతళలాడుతోంది. ఇందులో ఫ్లోరిన్ లేదు, మసకబారదని తెలిసీ చూసింది.

పెద్ద రియాక్టర్ మీద వేసిన రోజు ఫిల్టర్ మేస్త్రిని పిలిచి కింది వాల్వు తిప్పమంది. పసుపు ద్రవం బకెట్లోకి జారింది.

"అంతేనా మేడం?" అన్నాడు మేస్త్రి, పార పట్టుకునే వచ్చినవాడు.

"అంతే."

అంత తేలిగ్గా వదల్లేదు. సగం దిగాక ధార ఆగిపోయింది. ఆ ఉప్పు వేడి తగ్గితే రాయవుతుంది. రియాక్టర్‌ని వేడిగా ఉంచిన మనిషి కింది గొట్టం సంగతి మరిచిపోయింది. మేస్త్రి గొట్టాన్ని సుత్తితో తట్టి చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, అచ్చం ఆమెలాగే, కుడి పెదవి కొద్దిగా పక్కకి లాగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగపట్టారు.

"గొట్టానికి కూడా వేడి కావాలి. నా పొరపాటే" అంది ఆమె. గొట్టానికి వేడి తీగ చుట్టించాక ధార ఆగలేదు.

ఫిల్టర్ షెడ్డు మూతపడింది. యజమాని పెట్టిన మీటింగులో, ఇది ఎవరి ఆలోచన అన్న ప్రశ్న వచ్చింది. మరిదిగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"సర్‌దే" అంది ఆమె. మూతి ఏ పక్కకి పోతోందో అని అందరూ చూశారు. పోవడానికి రెండుమూడు సార్లు ప్రయత్నించింది గానీ పోలేదు.

ఆ ఒక్క మాటతో మరిదిగారు ఇక ఆగలేదు. సభల్లో ఇప్పుడు సీసా తియ్యడు, గోరు లేని వేలే ఎత్తి చూపిస్తాడు. "ఈ పద్ధతి కోసం నేనిచ్చిన మూల్యం" అంటాడు. ఆ పద్ధతికీ ఆ వేలికీ ఉన్న సంబంధం ఏమిటని ఎవరూ అడగరు. చప్పట్లు కొడతారు. ఆయనకి శాలువా కప్పిన సభకి ఆమె కూడా వెళ్ళింది. వెనక వరుసలో, చీకట్లో కూర్చుని, ఎవరికీ కనబడకుండా, తనివితీరా మూతి విరిచింది. రెండు కుర్చీల అవతల చెల్లెలు కూర్చుని ఉంది. పలకరించలేదు. అలా చాలా రోజులు గడిచాయి.

ఆ తర్వాత ఒక ఆదివారం ఫోన్ మోగింది.

"అక్కా, ఒకసారి రాగలవా?" అంది చెల్లెలు. "ఈయన మళ్ళీ కొత్త ద్రవం ఏదో పట్టుకున్నారు. రెండు తెల్ల పొడులు కలిపితే దానంతటదే నీరవుతుందట. యూరియానో ఏదో. వంటింట్లో బల్ల మీద పెట్టారు. నేనడిగితే వినరు. నువ్వు అడుగు."

"నేనడిగితే వింటారా?"

"విననీ వినకపోనీ. నీకేం అనిపిస్తే అది నోటితో అను. మొహంతో కాదు."

ఆమె బస్సు దిగి వెళ్ళేసరికి మరిదిగారు వంటింట్లో సీసా ఊపుతున్నాడు. చొక్కా ఎప్పటిలా మల్లెపువ్వులా ఉంది. ఆమెని చూడగానే మొహం వెలిగిపోయింది.

"రండి వదినగారూ! ఇది చూడండి, పూర్తిగా సురక్షితం, పూర్తిగా..."

"దీన్ని నీళ్ళు కలిపి వేడిచేస్తూ పదేపదే వాడితే ఏమవుతుంది?" అంది ఆమె, సంచీ కూడా దించకుండా.

మరిదిగారు నోరు తెరిచాడు. సీసా వంక చూశాడు. చెల్లెలు స్టవ్ కట్టేసి ఇటు తిరిగింది.

"తెలీదు వదినగారూ" అన్నాడు ఆయన చివరికి.

ఆ మాట ఆయన నోట వినడం ఆమెకి అదే మొదటిసారి. కుర్చీ లాక్కుని కూర్చుంది. సీసాని ఒక పళ్ళెంలో పెట్టి అవతలికి జరిపింది.

"అయితే రేపు మీరే లాబ్‌కి వచ్చి, మీ చేత్తోనే వేడిచేసి చూడండి. పాత చొక్కా ఒకటి వేసుకుని రండి."

"నా దగ్గర పాత చొక్కా లేదే" అన్నాడు మరిదిగారు, నిజంగానే దిగులుగా.